పైడితల్లి కూత

సముద్రం వైపు వరుసలో ఒక బేసి కనిపించింది. మంచానికో చుక్క చూపించే పలక మీద మేదిని వేలుంచి ఆ మంచానికి కరెంటు కొంచెం పెంచింది. పసుపుచుక్క ఒకసారి మిణుకుమని నీలంగా మారింది, పక్క చుక్కలతో పాటే వెలిగి ఆరడం మొదలుపెట్టింది. మేదిని తర్వాతి వరుసకి కదిలింది.

శ్వాసశాలలో పొద్దుటి పని ఇలాగే మొదలవుతుంది. ముందు బేసులు సర్దాలి, తర్వాత రోగుల మెడ కింద తీగలు తుడవాలి, ఆ తర్వాతే కాఫీ. హాలంతా ఒకేసారి పీలుస్తుంది, ఒకేసారి వదులుతుంది. అందరూ పీల్చినప్పుడు కిటికీ తెరలు లోపలికి ఊగుతాయని కొత్తగా వచ్చినవాళ్ళు ఒట్టేసి మరీ చెబుతారు. అది భీమిలి ఒడ్డు గాలి అని మేదినికి తెలుసు. అయినా ఎవరినీ కాదనేది కాదు.

ఊపిరి ఆడించే ఆ లయ, కొండమీద కట్టిన శిఖరం అనే కేంద్రం నుంచి వస్తుంది. రోగి ఛాతీలోకి దిగిన తీగ ద్వారా ఊపిరితిత్తుల కింది పొరని, ఉదరవితానాన్ని, కిందికి లాగుతుంది, వదులుతుంది. లయ కింద బతికేవాళ్ళ మాటలు పొట్టిగా ఉంటాయి. గాలి వదిలేటప్పుడే కదా మాట్లాడగలిగేది! ఎంత కోపమొచ్చినా సరే, మాట పూర్తికాకుండానే లయ వచ్చి నోరు మూయిస్తుంది. మొగుడూపెళ్ళాలు పోట్లాడుకోవాలంటే ఇక్కడికి రాకూడదని మూలమంచం గౌరునాయుడు అంటుంటాడు. ఆయన బస్సు నడిపిన మనిషి, నోరు ఊరుకోదు. కానీ పోట్లాట లాగే ఇక్కడ ఏడుపు కూడా సాగదు. వెక్కి వెక్కి ఏడవాలంటే ఎవరి ఊపిరి వాళ్ళకుండాలి.

మెడజ్వరం మొదటిసారి వచ్చిన ఏడు ఈ తీరమంతా ఊపిరాడక అల్లాడింది. జ్వరం వారంలో తగ్గేది. కానీ మెడలో పుట్టి గుండె పక్కనుంచి కిందికి దిగే శ్వాసనాడిని ఎండగట్టి మరీ పోయేది. తగ్గింది కదా అని మంచం మీద వెల్లకిలా పడుకున్నవాళ్ళు నీళ్ళలో మునుగుతున్నట్టు లేచి కూర్చునేవాళ్ళు. గాలి పీల్చబోతే పొట్ట ఉబ్బాల్సింది పోయి లోపలికి పీక్కుపోయేది. మెడ నరాలు తాళ్ళలా తేలేవి. పడుకోలేని మనుషులు గోడలకి ఆనుకుని కూర్చునే నిద్రపోయారు.

మేదిని తల్లి పోయింది ఆ ఏడే. అప్పట్లో ఎవరి యంత్రం వాళ్ళకుండేది. తుపాను మధ్యాహ్నం కరెంటు పోయింది. యంత్రం ఆగాక గదిలో పరుచుకున్న నిశ్శబ్దం మేదినిని ఈనాటికీ వదల్లేదు. ఆ తర్వాతే అందరికీ కలిపి ఒకే లయ వచ్చింది, శిఖరం వచ్చింది. శిఖరం కూడా కూలితే అక్కరకొస్తుందని ప్రతి హాలులోనూ చేతిలయ పెట్టారు. పేరుకి చేతిలయే గానీ కుట్టుమిషనులా కాలితో తొక్కాలి. తుపానుల కాలంలో మేదిని దాన్ని తొక్కి సాధన చేస్తుంది. లయ ఒక్కసారి కూడా ఆగలేదు. దాన్ని ఎవరైనా ఒక్క మాటంటే ఆమెకి ఒళ్ళు మండేది.

కొందరిలో ఎండిన నాడి మళ్ళీ చిగురిస్తుంది. చిక్కంతా అక్కడే. ఆ చిగురు తన ఇష్టం వచ్చినప్పుడు పొరని లాగుతుంది. అదే బేసి. ఒకవైపు లయ, ఒకవైపు నాడి లాగితే పొర ఎటూ కదలక బిగుసుకుపోతుంది. నిద్రలో అలా పోయినవాళ్ళున్నారు. అందుకని బేసి కనబడగానే కరెంటు పెంచి అణచాలి. ఏడాది గడిచాక మౌనపరీక్ష పెడతారు. లయ ఆపినా సొంతంగా పీల్చుకోగలిగితే ఇంటికి పంపుతారు. లేకపోతే బంధం వేస్తారు, అంటే ఆ చిగురుని తెంపేసి పొరని శాశ్వతంగా లయకి అప్పజెబుతారు. ఒకసారి తెంపిన నాడి మరి చిగురించదు. తను పనిలో చేరాక పరీక్ష నెగ్గి మెట్లు దిగి వెళ్ళినవాళ్ళెవరినీ మేదిని చూడలేదు. నాడికి అంత బలం రాదు కాబోలు అనుకునేది.

ఈ పొద్దుటి బేసి పైడితల్లిది. మధ్యాహ్నం ఆమెకి మౌనపరీక్ష.

పైడితల్లి ఒకప్పుడు జిల్లా జట్టులో చెడుగుడు ఆడింది. తర్వాత పద్మనాభం హైస్కూల్లో ఆడపిల్లలకి ఆట నేర్పింది. అరవై దాటినా భుజాలు ఇంకా ఆటగత్తె భుజాలే. ఆ భుజాల మధ్య తీగలు తుడుస్తూ మేదిని అడిగింది.

"భయంగా ఉందా పిన్నీ?"

"భయమేటి?" లయ వచ్చింది, పోయింది. "ఓడిపోతే ఓడిపోనాం. ఆడకుండా ఓడిపోడమే... సిగ్గుసేటు."

"పరీక్ష పెడుతున్నారుగా?"

"ఏం పరీక్షో తల్లీ." మళ్ళీ లయ. "ఈ ఊపిరి నాది కాదు. ఎవులిదో ఎరువు తెచ్చుకున్నట్టుంతాది. ఒక్కపాలి... నా ఊపిరి నాకొచ్చీసి, సాప మీద ఎల్లకిలా తొంగున్నాననుకో. అయ్యేల సచ్చిపోయినా... ఫర్వాలేదు."

"అలా అనకండి."

"అంతే కదేటి మరి."

రోగులు ఇలాంటివి అంటారు, వినీ విననట్టు ఊరుకోవాలని పనిలో చేరిన రోజే నేర్పారు. కానీ తన తల్లి ఉండి ఉంటే ఈ వయసే వచ్చేదన్న ఆలోచన మేదినిని వదల్లేదు. తీగ తుడిచిన చోటే మళ్ళీ తుడిచింది.

మధ్యాహ్నం డాక్టర్ సుభద్ర వచ్చారు. మెడజ్వరం రోజుల్లో నిద్ర లేకుండా పనిచేసిన మనిషి. శిఖరం కట్టించినవాళ్ళలో ఆమె ఒకరు. మాట తక్కువ, చెయ్యి నెమ్మది. పైడితల్లి మంచాన్ని కొంచెం వాల్చి, పొట్ట మీద పలచటి పట్టీ అంటించి, "లయ ఆపుతున్నాం పైడితల్లి గారూ. మామూలుగా పీల్చుకోండి. కాపు ఉంటుంది, కంగారు పడకండి," అన్నారు. కాపు అంటే పీల్చడం ఆలస్యమైతే లయ తనంతట తానే వచ్చి ఆదుకోవడం. అది లేకుండా ఏ పరీక్షా జరగదు.

హాలంతా ఎప్పటిలాగే పీల్చింది, వదిలింది. పైడితల్లి మంచం మాత్రం మౌనంగా ఉంది. ఆమె ముక్కుతో గట్టిగా ఎగబీల్చింది. మేదిని పట్టీ వైపే చూస్తోంది. పొట్ట లోపలికి పోలేదు. పైకి లేచింది! రొట్టె పొంగినట్టు చక్కగా పైకి లేచింది.

కానీ ఆ తర్వాత ఏమీ లేదు. పైడితల్లి పెదవులు సన్నగా కదులుతున్నాయి, గాలి పిసరు పిసరుగా బయటికి పోతోంది. పలక మీద గడువు గీత ఎరుపెక్కింది. కాపు వచ్చి పొరని లాగేసింది. పైడితల్లి ఒళ్ళంతా అదిరిపడి, కళ్ళలో నీళ్ళు తిరిగాయి. లయ తిరిగి అందుకుంది.

"ఒక్క శ్వాస, అంతే," అన్నారు సుభద్ర. ఆవిడ గొంతులో నిజమైన విచారమే ఉంది. "రెండోదానికి ఓపిక లేదు నాడికి. సాయంత్రం బంధం వేసేద్దాం. థియేటర్ వాళ్ళకి చెప్తాను."

ఆవిడ వెళ్ళాక మేదిని మంచం పక్కన స్టూలు లాక్కుని కూర్చుంది.

"పిన్నీ, ఇందాక పీల్చాక మీరేదో అన్నారు. పెదాలు కదిలాయి."

"ఏటంతాను? కూతెట్టినాను."

"కూతా?"

"ఊపిరి తియ్యమన్నారు కదా. తీసినాను. తీసినాక కూతెట్టకుండా... ఎలగ?" ఆ మాట ఆమె ఎంత మామూలుగా అందంటే, అడిగినందుకు మేదినికే సిగ్గేసింది. "సిన్నప్పట్నుంచీ అంతే. గట్టిగా ఓ ఊపిరి తీసుకుని గీత దాటతాం. మళ్ళీ గీత ముట్టుకున్నదాకా... ఊపిరి తియ్యకూడదు. తీసినావా, అవుటు. అవతలోల్ల కోర్టులో ఉన్నాను కదమ్మా. ఎప్పుడు సేసినా అంతే. తిరిగి గీత కాడికొచ్చీసరికి... మీ మిషను కాలట్టుకుని లాగెస్తాది."

"మరి ఇన్నాళ్ళూ చెప్పలేదేం?"

"పట్టుకోడం ఆల్ల పని. తప్పించుకోడం నా పని. దాన్లో సెప్పడానికేటున్నాది?"

మేదినికి అప్పుడు అర్థమైంది. ఓపిక లేక ఆగిన ఊపిరి కాదది. దాచుకున్న ఊపిరి. లయ చకచకా చిన్నచిన్న శ్వాసలు తీయిస్తుంది. లేత నాడి ఆ పరుగు అందుకోలేదు. ఒకసారి నిండా లాగి, చాలాసేపు అలుపు తీర్చుకుని, మళ్ళీ నిండా లాగడమే దానికి చేతనైంది. పైడితల్లి పొర ఆటలో నేర్చుకున్నట్టే బతుకుతోంది. పరీక్ష అడిగేది ఊపిరి ఉందా అని కాదు, లయ అడుగులో అడుగు వేస్తుందా అని. ఈ హాల్లో పొద్దున్నే తను అణిచేసిన పసుపుచుక్కల్లో ఇలాంటివి ఇంకెన్నో!

ఆమె సుభద్ర గదికి దాదాపు పరుగెత్తింది. చెప్పిందంతా ఆవిడ అడ్డు రాకుండా విన్నారు.

"నువ్వు చెప్పేది నిజం కావచ్చు మేదినీ. కాకపోవచ్చు కూడా. ఆగింది కూత కోసమో, పొర చాలకో, కాపు లేకుండా వదిలేస్తే తప్ప తెలీదు. వదిలేశాక తెలిస్తే ఏం లాభం?"

"గడువు కొంచెం పెంచి మళ్ళీ పరీక్ష పెట్టండి మేడం."

"గడువు శిఖరానిది, నాది కాదు. పరీక్ష ఒక్కసారే ఒప్పుకుంటుంది. అలా కట్టింది నేనే." ఆవిడ కళ్ళద్దాలు తీసి కళ్ళు నలుపుకున్నారు. "ఒకప్పుడు జాలిపడి గడువులు పెంచుకుంటూ పోయాం. ఆ జాలికి ఎంతమంది పోయారో నీకు తెలుసు. మీ అమ్మ సంగతి నాకు తెలుసు కాబట్టే నిన్ను ఈ హాల్లో వేశాను. నువ్వు లయ తప్పనివ్వవని."

మేదిని తిరిగి హాలుకి వచ్చింది. పైడితల్లి అప్పటికే థియేటర్ గౌను తొడుక్కుని, చేతులు ఒళ్ళో పెట్టుకుని, కిటికీలోంచి సముద్రం వైపు చూస్తోంది. ఆట అయిపోయాక బయట కూర్చున్న మనిషిలా ఉంది.

మేదిని హాలు తలుపు దగ్గరకి వేసింది. గోడవార గుడ్డ కప్పి ఉన్న చేతిలయని పైడితల్లి మంచం పక్కకి లాక్కొచ్చింది. దాని మీద తుపానులోనే వాడాలన్న గుర్తు ఉంది. బయట ఆకాశం కడిగినట్టు తెల్లగా ఉంది. శిఖరం లయ నడుస్తున్నంతసేపు తీగ ఊడిరాదు, ఒక్కరి కాపు తియ్యడానికి శిఖరం ఒప్పుకోదు, కానీ హాలు మొత్తం చేతిలయ మీదికి మారితే శిఖరం తప్పుకుంటుంది. దాంతోపాటే కాపూ పోతుంది. తుపానులో ఏ మంచానికి ఏం చెయ్యాలో అక్కడున్న మనిషికే వదిలెయ్యాలని ఆనాడు నిర్ణయించినవాళ్ళు, ఎండ కాసే రోజున కూడా ఆ మనిషి అక్కడే ఉంటుందని ఆలోచించలేదు.

"అందరూ వినండి," అంది మేదిని. "కొంతసేపు మీ ఊపిరి నా కాలి మీద నడుస్తుంది. పైడితల్లి పిన్నికి తీగ తీసేస్తాను. ఎవరికైనా ఇష్టం లేకపోతే చెయ్యెత్తండి. ఒక్కరు ఎత్తినా మానేస్తాను."

హాలు ఒకసారి పీల్చింది, వదిలింది. చేతులు లేవలేదు. గౌరునాయుడు బంధం వేయించుకుని రెండేళ్ళు. ఈ పనివల్ల ఆయనకి ఒరిగేది ఏమీ లేదు.

"తొక్కమ్మా," అన్నాడు. "బస్సు నడిపినోణ్ణి... సెప్తన్నాను. నమ్మకం లేకపోతే ఎక్కకూడదు." లయ వచ్చి పోయేదాకా ఆగాడు. "ఎక్కీసినాం కదా!"

మేదిని పీట మీద కూర్చుని మీట తిప్పింది. కొండమీది లయ తెగిపోయింది. ఆ క్షణంలో వచ్చిన నిశ్శబ్దం ఆమె ఎరిగినదే. కాలు దానంతటదే కదిలింది. హాలంతా ఆమె పాదంతో పాటు పీల్చింది, వదిలింది. పలక మీద ఎర్రదీపం వెలిగి, ఎక్కడో కొండమీద గంట మోగడం మొదలైంది.

తొక్కుతూనే చెయ్యి చాచి పైడితల్లి తీగ ఊడదీసింది.

"పిన్నీ, కూతకెళ్ళండి. ఈసారి కాలు పట్టుకునేవాళ్ళు ఎవరూ లేరు."

పైడితల్లి ఆమె వైపు చూసింది. తర్వాత ముక్కుతో ఎగబీల్చింది, పొట్ట పైకి లేచింది. ఇక దాచుకునే పని లేదు కాబట్టి కూత పైకే వినబడింది. చెడుగుడు చెడుగుడు చెడుగుడు... మొదట గుసగుసగా, తర్వాత గొంతు పట్టుకుని. లయ కింద బతికే ఈ హాల్లో మధ్యలో తెగకుండా ఒక్క గొంతు అంతసేపు సాగడం అదే మొదటిసారి. తలలు అటు తిరిగాయి. గౌరునాయుడు అరచేత్తో మంచం పట్టీ మీద దరువు వెయ్యసాగాడు.

కూత పలచబడింది. సన్నగిల్లింది. ఆగింది.

పైడితల్లి పీల్చలేదు.

మేదిని కాలు తొక్కుతూనే ఉంది. కళ్ళు మాత్రం ఆ పొట్ట మీదే. గడువు గీత ఈపాటికి ఎప్పుడో ఎరుపెక్కేది. తీగ తన చేతిలోనే ఉంది, గుచ్చితే చాలు. తల్లి ముఖం కళ్ళ ముందు నిలబడింది. అమ్మా, నేనేం చేశాను అనుకుంది. వేళ్ళు తీగని పైకెత్తాయి. పైడితల్లి కళ్ళు తెరిచే ఉన్నాయి. వాటిలో బెదురు లేదు. అవి దేన్నో కొలుస్తున్నాయి. మేదిని తీగని ఒళ్ళో పడేసి, రెండు చేతులతో పీట అంచు గట్టిగా పట్టుకుంది.

పైడితల్లి కుడిచెయ్యి మెల్లగా జరిగి మంచం ఇనుపకమ్మీని ముట్టుకుంది.

ముట్టుకోగానే ఊపిరి లోపలికి వచ్చింది. గది మొత్తానికి వినబడేలా వచ్చింది. పొట్ట నిండా లేచి, మెల్లగా దిగి, చాలాసేపు ఊరుకుని, మళ్ళీ తనంతట తానే లేచింది. ఈసారి కూత లేదు. ఆమె ఏడుస్తోంది. వెక్కి వెక్కి, ముక్కు చీదుకుంటూ, ఎవరూ మధ్యలో ఆపకుండా ఏడుస్తోంది. మేదినికీ ఏడుపు ఆగలేదు.

తలుపు తోసుకుని డాక్టర్ సుభద్ర వచ్చారు. వెనక శిఖరం మనుషులు ఇద్దరున్నారు. ఆవిడ చూపు ముందు తీగ లేని మంచం మీదికి, తర్వాత అక్కడ లేస్తూ దిగుతున్న పొట్ట మీదికి వెళ్ళి అక్కడే ఆగిపోయింది.

"కలుపు మేదినీ," అన్నారు చివరికి. "హాలుని లయకి కలుపు."

"కలుపుతాను మేడం. ఒక్కసారి పలక చూడండి."

అలసటో, దుఃఖమో, మేదిని కాలు నెమ్మదించింది. శిఖరం ఎప్పుడూ ఇవ్వనంత ఎడం శ్వాసకీ శ్వాసకీ మధ్య వచ్చింది. అణచడానికి కరెంటు లేదు. ఆ ఎడంలో సముద్రం వైపు వరుసలో ఒక పసుపుచుక్క మిణుకుమంది. తర్వాత దాని ఎదురుగా ఇంకొకటి. కిటికీ పక్కన ఎప్పుడూ గోడ వైపు తిరిగి కూర్చునే ఆవిడ ఉలిక్కిపడి పొట్ట మీద చెయ్యి వేసుకుంది. ఆమె చుక్కా పసుపైంది. అవన్నీ మేదిని ఎరిగిన చుక్కలే, ఎన్నో పొద్దుటిపూటలు తన వేలితో ఆర్పినవే.

శిఖరం మనిషి మీట వైపు అడుగు వేశాడు. సుభద్ర చెయ్యి అడ్డం పెట్టి ఆపారు, ఎందుకు ఆపారో ఆవిడకే తెలియనట్టుగా. ఆవిడ పలక నుంచి చూపు తిప్పలేదు.

"బేసులు," అన్నాడతను. "సర్దాలి కదండీ."

గౌరునాయుడి చుక్క ఒక్కటే మేదిని కాలితో పాటు నీలంగా వెలిగి ఆరుతోంది. ఆయన దరువు మాత్రం ఆపలేదు. మేదిని ఆయన కోసం తొక్కుతూనే ఉంది. పలక చేతికందేంత దూరంలోనే ఉంది. ఆమె ఒక్క బేసిని కూడా సర్దలేదు.